కందులతో కాద్యోస్ పులుసు: ఇలోయిలో పద్ధతిలో వండడం ఎలా

మన ఇళ్లలో కంది అంటే పప్పే. గింజను మరలో బద్దలు చేయించి, పొట్టు చెరిగి పశువులకు పెట్టి, మిగిలిన పసుపుపచ్చని బద్దను మెత్తగా ఉడికించి ఎనుపుకుంటాం. మనం చెరిగి తీసేసే ఆ పొట్టులోనే ఒక వంటకానికి రంగూ రుచీ దాగి ఉంటాయని నాకు ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో తెలిసింది. నేనున్న ఇంటి పెద్దావిడను అందరూ నానాయ్ అని పిలిచేవారు. అమ్మ అని దాని అర్థం. ఒక రాత్రి ఆవిడ గిన్నె నిండా నల్లని గింజలు నానబోసింది. పొద్దున్నే చూస్తే నీళ్లు ముదురు వంకాయ రంగుకు తిరిగాయి. గింజ ఒకటి తీసి చిదిమి చూశాను. లోపల మన కందిబద్దే. చిన్నప్పటి నుంచి రోజూ తింటున్న గింజను అంత దూరంలో, పొట్టుతో సహా, కొత్తగా చూసినట్టయింది.

అక్కడ కందిని కాద్యోస్ అంటారు. పనాయ్, నెగ్రోస్ దీవుల్లో హిలిగైనోన్ మాట్లాడే ఇలోంగో ప్రజలకు ఇది ఇష్టమైన గింజ. దీనితో చేసే పులుసుల్లో రెండు బాగా పేరున్నవి. మొదటిది కాద్యోస్, బాబోయ్, లంగ్కా. అంటే కందులు, పంది మాంసం, పచ్చి పనసకాయ. పొడి అక్షరాలతో కేబీఎల్ అంటారు. రెండోది కాద్యోస్, మనోక్, ఉబాద్. అంటే కందులు, కోడి, అరటి దవ్వ. దీన్ని కేఎంయూ అంటారు. పేరులోనే సరుకుల జాబితా ఉంది కాబట్టి మరిచిపోయే పనే లేదు. ఇలోయిలోను యునెస్కో 2023లో ఆహార సంస్కృతికి పేరొందిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు రాకముందు నుంచీ ఈ పులుసు అక్కడ ప్రతి ఇంటి పొయ్యి మీదా ఉడుకుతూనే ఉంది.

వంట మొదలుపెట్టే ముందు ఒక్క మాట. దీన్ని పప్పులా వండకూడదు. గింజ మెత్తబడాలి, కానీ చితకకూడదు. పులుసు పలుచగా, రంగు తేలి, గిన్నెలోకి వంచితే సూపులా జారాలి. పసుపు, కారం, జీలకర్ర, ఇంగువ, తాలింపు ఏదీ ఉండదు. ఈ వంట నేర్చుకునే తెలుగువారికి కష్టమైన భాగం ఇదే. నేను పసుపు డబ్బా తీయబోతే నానాయ్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. గరిటెతో కాస్త పులుసు తీసి, ఊది, నా నోటికి అందించింది. అప్పుడు అర్థమైంది. పసుపు వేస్తే ఆ వంకాయ రంగు మట్టి రంగుగా మారిపోతుంది, తాలింపు పెడితే కంది పొట్టు వాసన నూనె వాసన కింద అణగిపోతుంది.

కందులు ఎంచుకోవడం

ఇలోయిలో బజార్లలో సీజన్‌లో పచ్చి కాద్యోస్ ఒలిచి కుప్పలుగా పోసి అమ్ముతారు. ఆకుపచ్చవి, ఊదా చారలున్నవి, దాదాపు నల్లనివి కలిసే ఉంటాయి. పగటి పొద్దు తగ్గుతున్నప్పుడు పూతకు వచ్చే మొక్క ఇది. అందుకే అక్కడా ఇక్కడా కాయలు చలికాలం చుట్టూనే దిగుతాయి. మన ఊళ్లలో సంక్రాంతి రోజుల్లో ఉప్పు వేసి ఉడకబెట్టుకునే కందికాయలు దొరికితే ఈ పులుసుకు అంతకన్నా మంచి సరుకు లేదు. పచ్చి గింజలను నానబెట్టక్కర్లేదు, అరగంట నుంచి ముప్పావు గంటలో ఉడికిపోతాయి. రంగు మాత్రం ఎండు గింజంత ముదురుగా రాదు.

మిగతా నెలల్లో ఎండు కందులే గతి. నల్ల కందులు దొరికితే వాటినే తీసుకోండి. అవి దొరకకపోతే ఎర్ర కందులు. తెల్ల కందులతో రుచి వస్తుంది కానీ పులుసు పాలిపోయి ఉంటుంది. కిరాణా కొట్లలో పొట్టుతో ఉన్న కందులు అరుదు. రైతుల దగ్గరో, చిరుధాన్యాలు అమ్మే దుకాణాల్లోనో అడగాలి. కంది పుట్టిల్లు మన దేశమే. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధిలో వేల రకాల కందులు భద్రంగా ఉన్నాయి. తాండూరు కంది 2022లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఇంత ఉన్న నేలలో పొట్టుతో ఉన్న కందుల కోసం వెతుక్కోవలసి రావడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. విత్తనాల దుకాణంలో అమ్మే కందులు ఎట్టి పరిస్థితిలోనూ వంటకు వాడకండి, వాటికి మందు పట్టించి ఉంటారు. రైతుల దగ్గర కొన్న కందులకు పురుగు పట్టకుండా ఎర్రమన్ను పట్టించి ఉండవచ్చు. నీళ్లు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడగాలి. కడిగేటప్పుడు పైకి తేలేవి పుచ్చులు, తీసేయండి.

ఆరుగురికి సరిపోయే పులుసుకు ఒక కప్పు ఎండు కందులు, అంటే సుమారు 200 గ్రాములు చాలు. లీటరు నీటిలో ఒక చెంచా ఉప్పు కలిపి ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టండి. ఉప్పు నీటిలో నానిన గింజ పొట్టు మెత్తబడుతుంది, ఉడికేటప్పుడు పగిలి ఊడిపోదు. నానబెట్టిన నీళ్లు పారబోయాలా, ఉంచాలా? బాగా కడిగి నానబోసిన నీటిని చుక్క నాలుక మీద వేసుకుని చూడండి. నల్ల కందుల నీళ్లకు మంచి రంగుండి, వగరు పెద్దగా లేకపోతే పులుసులోనే పోయండి. ఎర్ర కందుల నీళ్లు సాధారణంగా వగరుగా ఉంటాయి, వాటిని పారబోయడమే మంచిది. కందులు తింటే కడుపు ఉబ్బరించేవారు ఏ రంగు గింజలైనా ఆ నీళ్లు వంచేయాలి. ఎండాకాలంలో రాత్రంతా బయట ఉంచితే పులిసిన వాసన వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టండి.

పులుపు సంగతి

ఈ పులుసుకు పులుపు బత్వాన్ అనే కాయ నుంచి వస్తుంది. ఆకుపచ్చగా, గుండ్రంగా, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. గార్సినియా జాతి చెట్టు. మన పడమటి తీరంలో వాడే కోకం, కేరళవారు చేపల పులుసులో వేసే కుడంపులి దీనికి దాయాదులు. బత్వాన్ పులుపు చింతపండులా పళ్లు పులిసేలా ఉండదు. మెత్తగా వచ్చి, కాసేపు నాలుక మీద నిలిచి, నోరు శుభ్రం చేసి వెళుతుంది.

బత్వాన్ మనకు దొరకదు. ఫిలిప్పీన్స్ సరుకులు అమ్మే దుకాణాలు దగ్గరలో ఉన్న ప్రవాసులకు గడ్డకట్టించిన కాయలో, సీసాలో గుజ్జో దొరకవచ్చు. మిగిలినవారికి నా సలహా లేత చింతకాయలు. ఏడెనిమిది కాయలు ఉడకబెట్టి, పిసికి, వడగట్టి ఆ రసం వాడండి. కొత్త చింతపండుతో కూడా అవుతుంది, కానీ నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత ఉండనే తీసుకోవాలి. బిలింబి కాయలు దొరికే చోట అవీ బాగుంటాయి, ఫిలిప్పీన్స్‌లోనూ పులుసుల్లో వాటిని వాడతారు. కోకం వేస్తే తన రంగు, తన వాసన తెచ్చి పెడుతుంది. కుడంపులిలో పొగ వాసన ఎక్కువ. జాతి ఒకటే అయినా ఆ రెండూ ఇక్కడ నప్పవు.

పులుపు ఎప్పుడు వేయాలన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే ఎంతసేపు మరిగించినా అది ఉడకదని అమ్మలు చెబుతారు కదా. ఇక్కడా అదే నియమం. పులుపు తగిలితే గింజ గట్టిగా ఉండిపోతుంది. అందుకే కందులు పూర్తిగా మెత్తబడ్డాకే పులుపు.

కేబీఎల్ వండే క్రమం

కావలసినవి: నానిన కందులు, చర్మంతో ఉన్న పంది కాలి మాంసం ఒక కిలో, లేత పనసకాయ ముక్కలు అర కిలో, నిమ్మగడ్డి రెండు కాడలు, ఒక ఉల్లిపాయ, బత్వాన్ ఏడెనిమిది కాయలు లేదా దానికి బదులు చెప్పిన పులుపు, చిలగడదుంప లేత ఆకులు రెండు గుప్పెళ్లు, ఉప్పు.

ముందు పనసకాయ. మనం పనసపొట్టు కూరకు సన్నగా కొడతాం, ఇక్కడ అలా కొడితే పీచుపీచుగా విడిపోతుంది. రెండంగుళాల ముక్కలు కావాలి. గింజలు ఇంకా తెల్లగా, కత్తికి తెగేంత లేతగా ఉన్న కాయ తీసుకోండి. చేతులకు, కత్తికి నూనె రాసుకుంటే జిగురు అంటదు. కోసిన ముక్కలను ఉప్పు నీటిలో వేయండి, నల్లబడవు.

తరువాత మాంసం. రెండు పద్ధతులున్నాయి. కొన్ని ఇళ్లలో మాంసాన్ని ముందుగా బొగ్గుల మీద, చర్మం అక్కడక్కడా మాడి నూనె కారేదాకా కాల్చి, ఆ తరువాత ముక్కలు చేసి పులుసులో వేస్తారు. నాకు ఇదే ఇష్టం. ఆ పొగ వాసన కంది మట్టివాసనతో కలిసినప్పుడు వేరే ఏ దినుసూ అక్కర్లేదనిపిస్తుంది. బొగ్గుల పొయ్యి లేనివారు మాంసాన్ని చన్నీళ్లలో వేసి, మరిగాక ఐదారు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి ముక్కలు కడిగేయాలి. ఇలా చేస్తే మురికి నురుగు పోయి పులుసు తేటగా ఉంటుంది.

ఇప్పుడు అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో మాంసం, కందులు, రెండుగా కోసిన ఉల్లిపాయ వేయండి. నిమ్మగడ్డి తెల్లని మొదలును రోకలితో రెండు దెబ్బలు వేసి, కాడను ముడి కట్టి అందులో పడేయండి. ముడి ఉంటే చివరలో తీసేయడం తేలిక. రెండున్నర లీటర్ల నీళ్లు పోసి మరగనివ్వండి. మరిగాక మంట బాగా తగ్గించి, మూత ఓరగా పెట్టండి. పులుసు అక్కడక్కడా బుడగ తేలుతూ ఉడకాలి, కుతకుత ఉడికితే గింజలు ఒకదానికొకటి తగిలి చితికిపోతాయి. నురుగు తేలినప్పుడల్లా తీయండి. గరిటెతో అదే పనిగా కలపకండి. ఉప్పు ఈ దశలో సగమే వేయాలి. నానబెట్టిన నీళ్లు పోసి ఉంటే అందులో ఉప్పు ఉందని గుర్తుంచుకోండి.

గంటంపావు తరువాత గింజలు చూడటం మొదలుపెట్టండి. నానాయ్ ఎప్పుడూ ఐదు గింజలు తీసేది, ఒకటి చూసి నమ్మేది కాదు. వరుసగా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కేది. పొట్టు ఒక్కచోట చీలి, లోపలి బద్ద వెన్నలా జారి రావాలి. ఐదింటిలో ఒకటి పలుకుగా ఉన్నా మూత మళ్లీ పెట్టేసేది. పాత కందులైతే రెండు గంటలు పట్టవచ్చు. నీళ్లు తగ్గితే వేడినీళ్లే పోయండి.

గింజ ఉడికాక పనస ముక్కలు వేసి పాతిక నుంచి ముప్పై నిమిషాలు ఉడికించండి. పులుసు లోపలికి ఇంకి, ముక్క చెంచాతో తెగేలా ఉండాలి. ఈ వంటలో పనసకాయ మాంసం పక్కన మాంసంలాగే ఉంటుంది. చాలామంది మొదట పనస ముక్కనే ఏరుకుంటారు.

అప్పుడు బత్వాన్ కాయలు కోయకుండా అలాగే వేయండి. పది పన్నెండు నిమిషాల్లో తొక్క పగులుతుంది. గరిటె వీపుతో గిన్నె అంచుకు అదిమి రసం దిగేలా చేయండి. చింతకాయ రసమైతే మూడు విడతలుగా, ప్రతి విడతకూ రుచి చూస్తూ పోయాలి. ఇక్కడ పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోకి చూడండి. అప్పటిదాకా బూడిద కలిసిన వంకాయ రంగులో ఉన్న పులుసు పులుపు తగలగానే ఎర్రబారుతుంది. నల్ల కందులతో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్ర కందులతో పులుసు టీ డికాక్షన్ రంగులోనే ఉంటుంది, అదేమీ తప్పు కాదు.

మిగిలిన ఉప్పు సరిచూసుకుని, కావాలంటే ఒక పచ్చిమిరపకాయ చీల్చకుండా వేసి, చిలగడదుంప ఆకులు పైన పరిచి, ఒక్క నిమిషం ఉంచి దించేయండి. ఆకు గిన్నె వేడికే మగ్గుతుంది. నిమ్మగడ్డి ముడి తీసేయండి.

కుక్కర్ వాడాలనుకుంటే మాంసం విడిగా, కందులు విడిగా ఉడికించండి. కలిపి పెడితే మాంసం మెత్తబడే లోపు కందులు పప్పైపోతాయి. నానిన కందులకు సన్న మంట మీద మూడు విజిళ్లు చాలు. ఆవిరి దానంతటదే పోయేదాకా మూత తీయకండి. తరువాత రెంటినీ, వాటి నీళ్లతో సహా, ఒకే గిన్నెలో కలిపి పనస ముక్కల దగ్గర నుంచి పైన చెప్పినట్టే చేయండి.

కోడి, అరటి దవ్వతో

పంది మాంసం తిననివారికి కేఎంయూ ఉంది, అది ఏ విధంగానూ తక్కువది కాదు. దీనికి నాటుకోడే కావాలి. బ్రాయిలర్ కోడి అరగంటలో విడిపోతుంది, కందులు ఉడకడానికి గంట దాటుతుంది, రెంటికీ పొత్తు కుదరదు. నాటుకోడికీ నానిన కందులకూ దాదాపు ఒకే సమయం పడుతుంది కాబట్టి ఒకే గిన్నెలో పెట్టేయవచ్చు.

ఉబాద్ అంటే మనం అరటి దవ్వ, అరటి ఊచ అనేదే. అడుగు పొడవు ముక్క సరిపోతుంది. పై పట్టలు ఒలిచి, లోపలి తెల్లని దూటను పలుచని చక్రాలుగా కోస్తూ, ప్రతి కోతకూ సాగే దారాన్ని వేలికి చుట్టి తీసేయండి. మన దగ్గర నల్లబడకుండా మజ్జిగలో వేస్తారు. అక్కడ ఉప్పు చల్లి, బాగా పిసికి, రసం పిండేసి, నీటితో కడుగుతారు. ఈ పులుసుకు ఉప్పు పద్ధతే మంచిది, వగరు పోతుంది, మజ్జిగ పులుపు అంటదు.

ఒకటింబావు కిలో నాటుకోడి ముక్కలు, ఒక కప్పు నానిన కందులు, దంచిన అల్లం రెండంగుళాల ముక్క, ఉల్లిపాయ, మూడు నిమ్మగడ్డి కాడల ముడి, రెండు లీటర్ల నీళ్లు. సన్న మంట మీద గింజ, కోడి రెండూ ఉడికాక దవ్వ వేసి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. చివర గుప్పెడు మునగాకు. ఇందులో పులుపు తప్పనిసరి కాదు, నిమ్మగడ్డిదే పెత్తనం. అందుకే ఒక కాడ ఎక్కువ చెప్పాను. అక్కడివారు మునగాకును మలుంగాయ్ అనీ బచ్చలిని అలుగ్‌బాతీ అనీ పిలిచి పులుసుల్లో విరివిగా వాడతారు. చిలగడదుంప ఆకు దొరకని రోజు బచ్చలి వేసినా ఇలోంగో వంటకు దూరం పోయినట్టు కాదు.

ఉత్తరాన లూజోన్ దీవిలోని ఇలోకానో ప్రజలు కందిని కర్దిస్ అంటారు. వారు చేసే దినెంగ్‌దెంగ్ అనే కూరగాయల పులుసులో మాంసం ఉండదు. పులియబెట్టిన చేపల ముద్దను నీటిలో మరిగించి వడగట్టి, అందులో పచ్చి కందులు, దొరికిన కూరగాయలు ఉడికించి, పైన కాల్చిన చేప పెడతారు. చేపల ముద్ద వాసన అలవాటున్నవారికే ఇది చెబుతాను. శాకాహారులు కందులు, పనస, నిమ్మగడ్డి, లేత చింతకాయతో చేసుకుంటే రుచిగానే ఉంటుంది. దానికి కేబీఎల్ అన్న పేరు మాత్రం పెట్టకండి, ఇలోయిలోవారు నొచ్చుకుంటారు.

గింజ ఉడకనప్పుడు

కందులు రెండు గంటలైనా పలుకుగానే ఉంటే రెండు కారణాలే. గింజ పాతదైనా అయి ఉండాలి, నీళ్లు బోరువైనా అయి ఉండాలి. సున్నం ఎక్కువగా ఉన్న నీటిలో కంది ఉడకడానికి మొండికేస్తుంది. శుద్ధి చేసిన నీళ్లతో నానబెట్టి, వాటితోనే వండి చూడండి. వంటసోడా వేస్తే తొందరగా మెత్తబడుతుంది, కానీ పొట్టు ఊడిపోతుంది, ఎర్రబారవలసిన పులుసు నీలి బూడిద రంగులోకి తిరుగుతుంది. ఈ వంటలో సోడా వద్దు.

పులుపు ఎక్కువైతే చక్కెరతో సరిదిద్దకండి. ఇంకొన్ని పనస ముక్కలు వేసి ఉడికిస్తే అవి పులుపును లాగుతాయి. పులుసు చిక్కబడిపోతే ఎక్కడో గింజ చితికిందని అర్థం. వేడినీళ్లు పోసి పలుచన చేసి, ఉప్పూ పులుపూ మళ్లీ చూసుకోండి.

వేడివేడి అన్నం మీద పులుసు పోసుకుని, పక్కన చేపల సాస్‌లో చిదిమిన మిరపకాయతో ముక్కను అద్దుకుని తింటారు. మిగిలితే మరీ మంచిది. రాత్రి ఫ్రిజ్‌లో పెడితే చర్మంలోని జిగురు వల్ల పులుసు జున్నులా గడ్డకడుతుంది. పైన తేలిన కొవ్వు పొరను సగం తీసేసి, మిగిలినదాన్ని కదపకుండా సన్న మంట మీద కరగనివ్వండి. మొదటి రోజు ఆకు మొత్తం తీసేసి, తినే ముందు తాజా ఆకు వేయండి. రెండో రోజుకు పనస ముక్క లోపలిదాకా వంకాయ రంగు ఎక్కి ఉంటుంది. నానాయ్ ఇంట్లో శనివారం వండిన కాద్యోస్‌కు ఆదివారం మధ్యాహ్నమే ఎక్కువ మంది కూర్చునేవారు.